పత్తి ఏరుతున్నారా?

మా అక్క కాలేయంలోని గడ్డను చిన్న రంధ్రాల ద్వారా తీసిన డాక్టరుగారు 'సక్సెస్' అన్న మాటను ఎవరినీ అననిచ్చేవారు కాదు. అటువంటి ఆపరేషన్లను ఎప్పుడు సఫలమనాలో ప్రమాణాలు నిర్ణయించే బృందంలో ఆయన ఒకరు. అక్కను ఇంటికి పంపిన రోజున నేను నా డైరీలో తారీఖు వేసి 'నయమైంది' అని రాసుకోబోతే, "మూడు నెలలు కానివ్వండి" అని ఆపారు.

ఉద్యమం వల్ల బస్సులు బందైన రోజులవి. నెల తిరగ్గానే ఆయనే మా ఊరు దంతాలపల్లికి, పత్తి చేలో పనిచేసుకునే అక్కకు ఫోన్ చేశారు.

"పత్తి ఏరుతున్నారా అమ్మా?"

"వంగితే జర కుడిపక్క గుంజుతది సారూ. గదేం లెక్క తియ్యి."

"అదే లెక్క. వెంటనే రండి."

రాస్తారోకో చేస్తున్నవాళ్లే "దవాఖానకట, ఇడువుండ్రి" అని మా ఆటోకు దారిచ్చారు. స్కాన్ తీస్తే, కాలేయం కోసిన చోట పైత్యరసం చేరి చీముపట్టిందని తేలింది. గొట్టం వేసి తీశారు. ఆయన దాన్ని తన ఆపరేషన్ లోపంగానే నమోదు చేయమన్నారు.

"ఇంటికి పోయాక వచ్చింది కదా సార్, మనకెందుకు?" అన్నాడు చిన్న డాక్టరు.

"ఇంట్లో బతకడానికే కదయ్యా ఆపరేషన్ చేశాం."

మూడో నెల నిండాక మళ్లీ ఫోన్ మోగింది.

"పత్తి ఏరుతున్నారా అమ్మా?"

"ఫోను పట్టుకోని ఎట్ల ఏరాలె సారూ? పెట్టెయ్యి, పొద్దుగూకుతుంది."

ఆయన గట్టిగా నవ్వడం అప్పుడే విన్నాను. ఆనాటి తారీఖు కింద 'నయమైంది' అని రాసుకున్నాను.