క్యారియర్ మీద చోటు

నాన్నగారి కళ్ళకు నీటికాసులని, పోయిన చూపు ఇక తిరిగి రాదని డాక్టరు చెప్పిన వారంలోనే ఆయన పాత సైకిలుకు కొత్త టైర్లు వేయించారు. చూపు మిగిలుండగానే కొల్లేరులో గూడబాతులను, అదే పెలికాన్లను, ఇంకొక్కసారి చూడాలి. టీచరుగా చేరిన కొత్తలో సైకిలు మీద వెళ్ళి చూశారట, ఇప్పుడూ అలాగే వెళ్ళాలి. తోడు నేను, నా సైకిలు మీద. సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే ఇళ్ళకు వస్తున్న రోజులవి, నాది డిగ్రీ రెండో సంవత్సరం. తాడేపల్లిగూడెం నుంచి మొదటి రోజు ఏలూరు, రెండో రోజు కొల్లేరు, మూడో రోజు ఇల్లు. ఆ మర్నాడు నాన్నగారి బడి తెరుస్తారు.

సామాను నేనే సర్దాను. రెండు దుప్పట్లు, గాలి పంపు, పంక్చరు సామాను, నీళ్ళ సీసాలు, పులిహోర. అన్నీ ఒక్క సంచిలో పట్టాయి. పాత ట్యూబు ముక్కతో నా సైకిలు క్యారియర్‌కు బిగించి చూసుకుని మురిసిపోయాను.

ఆదివారం చర్చిలో నాన్నగారు మాట జారారు. సాయంత్రానికి మా ఇల్లు పార్సిల్ ఆఫీసయింది.

"ఏవండీ మాస్టారూ, ఎలాగూ ఏలూరు మీదుగానే కదండీ" అంటూ ఒకరు ఉసిరికాయ పచ్చడి, ఒకరు చంటిపిల్లకు స్వెట్టరు, ఇంకొకరు ఏకంగా ప్రెషర్ కుక్కరు. నాకు ఒళ్ళు మండింది. అయినా నవ్వుతూనే అందుకున్నాను. దుప్పట్లు దిగిపోయాయి, పులిహోర దిగిపోయింది.

"ఎలా కాదంటామమ్మా?" అన్నారు నాన్నగారు.

ఏలూరంతా ఇల్లిల్లూ తిరిగాం. ప్రతి ఇంట్లో కాఫీ, ప్రతి ఇంట్లో ప్రార్థన. కుక్కరు ఇవ్వడం రెండో రోజు పొద్దుటికి మిగిలింది. "భోంచెయ్యకుండా కదిలితే ఒట్టేనండీ" అని కుక్కరు అందుకున్నావిడ గుమ్మానికి అడ్డం నిలబడింది. వడ్డన అయ్యేసరికి మూడు దాటింది. చీకటి పడితే నాన్నగారికి అసలు కనబడదు. ఆ రాత్రికి ఏలూరులోనే ఆగి, మర్నాడు కొల్లేరు చూడకుండానే ఇంటికి తిరిగాం.

మరుసటి శీతాకాలానికి ఆయనకు వెలుగూ నీడా మాత్రమే తెలిసేవి. ఈసారి ఎవరికీ చెప్పలేదు. బస్సులో ఏలూరు వెళ్ళి, ఆ కుక్కరావిడ ఇంట్లోనే సైకిలు అడిగి తీసుకున్నాను. సంచి లేదు, సీసా లేదు. క్యారియర్ మీద నాన్నగారిని కూర్చోబెట్టుకుని తొక్కాను.

కొల్లేటి గట్టున దిగగానే రెక్కల చప్పుడు వినబడింది. ఆయన మొహం అటు తిప్పారు.

"వచ్చాయా అమ్మా?"

"వచ్చాయండి. చాలా ఉన్నాయి."

"ముక్కు కింద సంచి ఎంతుందో చెప్పు."

"పెద్దదేనండి నాన్నగారూ."

"కుక్కరు పడుతుందా?" అని ఆయన నవ్వారు.

నాకు నవ్వు రాలేదు. ఆయనకు మొహమాటం, సరే. 'కుదరదండీ' అన్న ఒక్క మాట నేనైనా అనవలసింది.