చంక కింద ముక్క

మా మేనత్త ముప్పై ఏళ్లుగా ఆడవాళ్ల బట్టలు కుడుతోంది. నోట్లో గుండుసూదులు పెట్టుకుని మాట్లాడే అలవాటు వల్ల, కోపమొచ్చినా పళ్లు బిగించే తిడుతుంది. నిరుడు మోకాళ్లు మొరాయించాక మిషన్ తొక్కడం తగ్గించి, నూనెరంగులు నేర్చుకోవడానికి ఊళ్లో బొమ్మలు నేర్పే మాస్టారి దగ్గర చేరింది. ఈ వయసులో బొమ్మలేంటని మావయ్య నవ్వితే, మీరు పేకాట ఏ వయసులో నేర్చుకున్నారని అడిగింది.

మాస్టారి పద్ధతి ఒకటే. పాతకాలపు గొప్ప చిత్రం అచ్చుకాపీ ముందు పెట్టుకుని నీడకు నీడ దించాలి. అత్తకు వచ్చింది దీపం తుడుస్తున్న పనిమనిషి బొమ్మ. ముందు పలచటి గోధుమరంగు పూత, అది ఆరాక నూనె ఎక్కువ కలిపిన రంగులు. ఎనిమిది నెలలు పట్టింది. ముఖం కుదిరింది, గాజు మీద వెలుగూ కుదిరింది. ఎత్తిన చేతి దగ్గరే పేచీ వచ్చింది.

"ఈ కుట్టుతో చెయ్యి అంత పైకి లేవదు మాస్టారూ. చంక దగ్గర పిగిలిపోతుంది."

అసలు బొమ్మ వేసిన అంతటి చిత్రకారుడికే తప్పులు దిద్దుతారా అని ఆయన అందరి ముందూ నవ్వారు. అత్త కుంచె అందుకుంది. చంక కింద చెయ్యి సులువుగా లేవడానికి దర్జీలు వేసే చిన్న నలుపలకల ముక్క, దాని చుట్టూ సన్నటి కుట్టు వేసి ఊరుకుంది. ఆ సంగతి నాకొక్కదానికే చెప్పింది.

బొమ్మ ఆరాలంటూ మాస్టారు తన దగ్గరే ఉంచుకున్నారు. రెండు నెలల తర్వాత ఆయన ప్రదర్శనకు మేమిద్దరం వెళ్తే, హాల్లో ఎదురుగోడ మీద అదే ఉంది. కింద మూలన ఎర్రగా మాస్టారి సంతకం.

అత్త నేరుగా ఆయన దగ్గరికి వెళ్లింది. నేర్పింది తనేగదా అన్నారాయన.

"పైగా నకలమ్మా. నకలుకి నీదేంటి, నాదేంటి?"

"నకలైతే, చంక కింద ఆ ముక్క ఎందుకేశారో చెప్పండి."

ఆయన కళ్లజోడు సర్దుకుని వంగి చూశారు. అప్పటిదాకా చూడనేలేదని చుట్టూ ఉన్నవాళ్లకూ అర్థమైంది.

"అది నీడ."

"నీడకి కుట్లుంటాయా?"

అత్త బొమ్మని గోడ మీంచి దించి, బొటనవేలితో సంతకాన్ని రుద్దింది. నిన్నో మొన్నో పెట్టినట్టున్నారు, పచ్చిగానే ఉంది. ఎర్రగా అలుక్కుపోయింది. మాస్టారు పక్కకు జరిగి దారిచ్చారు.

దారంతా బొమ్మను తనే మోసింది. నన్ను పట్టుకోనివ్వలేదు. ఇంటి మెట్ల దగ్గర ఆగి, నోట్లో సూదుల్లేకపోయినా పళ్లు బిగించే అంది:

"ముప్పై ఏళ్లలో ఒక్క బట్ట మీదా నా పేరు కుట్టుకోలేదే. ఆ అలవాటే కొంప ముంచింది."