మా బావ తరఫున వచ్చిన కాకి

దెయ్యాల్ని నమ్మేవాళ్లతో నాకు పేచీ లేదు. ‘నేను నమ్మను గానీ...’ అని మొదలుపెట్టేవాళ్లతోనే నా తగువంతా. ఆ ‘గానీ’ వెనక ఊరంతా దాక్కుంటుంది.

మా బావ, అంటే అక్క భర్త, పోయిన పదో రోజున యానాం గోదావరి గట్టున అలాంటివాళ్లే పోగయ్యారు. అరిటాకులో పిండం పెట్టి కాకి కోసం ఎదురుచూస్తున్నాం. కాకి ముడితే పోయిన మనిషి తృప్తిగా ఉన్నట్టు. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలినట్టు. అదేదో కనిపెట్టి, తీరుస్తామని పైకి చెప్పాలి. కాకులు కొబ్బరిచెట్టు మీదే ఉన్నాయి. దిగవు. ఆకు చుట్టూ జనం పెళ్లిపందిట్లోలాగ ముసిరితే ఎలా దిగుతాయి?

“కాస్త దూరం జరగండి బాబూ, పిట్టలు బెదురుతాయి” అన్నాను.

“నువ్వూరుకోవమ్మా” అన్నారు పెద్దబావగారు. బావకి అన్నగారాయన, బళ్లో సైన్సు చెప్పి రిటైరైన మనిషి. “నేనివన్నీ నమ్మను గానీ, తమ్ముడికి ఆ కొట్టు మీదే బెంగ. ఆడకూతురు ఒక్కత్తీ ఎలా నడుపుతుందని.” చెట్టుకేసి చేతులు జోడించారు. “ఒరేయ్ తమ్ముడూ, కొట్టు మూయించేస్తాం. మీ ఆవిణ్ణి మా ఇంట్లో పెట్టుకుని చూసుకుంటాం. దిగి తినరా!”

అక్క మొహం పాలిపోయింది. మెట్టకూరులో ఆ టిఫిన్ కొట్టు ఇద్దరూ కలిసి పెట్టుకున్నది. అట్లు పోసే చెయ్యి ఆమెది, కబుర్లు చెప్పే నోరు ఆయనది. అది మూస్తే ఆమెకి మిగిలేది బావగారింట్లో ఓ మూల.

“మూసెయ్యమని మీకు ఫోన్ చేసి చెప్పాడాండీ?” అన్నాను.

“చదువుకున్నదానివి, ఏం నోరమ్మా అది!”

“మీరూ చదువుకున్నారుగా. కాకితో మాట్లాడుతున్నారు.”

అప్పుడు అక్క లేచింది.

“ఏవండీ,” అంది చెట్టుకేసి చూస్తూ, “మైల తీరగానే పప్పు నానబోస్తాను. కొట్టు తీస్తాను. మీకిష్టం లేకపోతే తినకండి. ఆకలేస్తే రండి.”

పెద్దబావగారు కండువా దులుపుకుని విసవిసా నడిచారు. ఆయన్ని బుజ్జగించడానికి జనమంతా వెనకే పరిగెత్తారు. ఆకు దగ్గర ఎవరూ మిగల్లేదు. కాకి దిగింది. ఒక్క పోటు పొడిచి, మిగతావాటిని కేకేసింది.

“ముట్టిందమ్మోయ్! మీ ఆయన ఒప్పేసుకున్నాడే!” అని పక్కింటావిడ అరిచింది. పెద్దబావగారు వెనక్కి తిరిగి చూసి చెంపలేసుకున్నారు. ఇక ఆ కొట్టు జోలికి ఎవరొస్తారు?

జనం జరిగారు కాబట్టి దిగిందని చెప్పబోయాను. అక్క ఏడుస్తూనే నవ్వుతోంది. గెలిచిన వాదాన్ని మింగడం నాకదే మొదలు. గొంతుకడ్డం పడి, ఎలాగో దిగింది.

ఇప్పుడు కొట్లో రెండో పెనం కూడా పడింది. పెద్దబావగారు రోజూ పొద్దున్నే వచ్చి, అట్టులో మొదటి తుంపు కరెంటు తీగ మీది కాకికి విసిరి, మిగతాది తాను తింటారు.

“నేను నమ్మను గానీ, సైన్సుకందనివి కొన్ని ఉంటాయమ్మా” అన్నారు మొన్న.

ఇప్పుడు నేను నోరు విప్పినా అక్క కొట్టుకి వచ్చే ప్రమాదమేం లేదు. “ఉంటాయండి. మనిషి జరిగితే పిట్ట దిగుతుందన్నది మీ సైన్సుకి అందలేదుగా!”

“అదుగో, మొదలెట్టేసింది” అంటూ అక్క నా ప్లేట్లో ఇంకో పెసరట్టు పడేసింది. “ముందు తినవే, చల్లారిపోద్ది.”