కొంగ నోటి గీత

మండపేటలో సువార్తమ్మ టీచరుగారంటే ఒకప్పుడు పిల్లలకి హడలు. రిటైరై ఆరేళ్ళయింది. పెళ్ళి చేసుకోలేదు, ఎందుకని అడిగే ధైర్యం ఎవరికీ చాలలేదు. ఇప్పుడావిడకి మిగిలినవి ఆదివారం చర్చి, ఫోనులో కొంగలు.

కొంగలని నవ్వకండి. ఆవిడ పాత శిష్యుడు విజయ్ పాల్ వాట్సాప్‌లో పక్షుల ఫొటోల గ్రూపొకటి పెట్టి ఆవిడని చేర్చాడు. చేపల చెరువుల దగ్గరా, దాళ్వా వరిచేలల్లోనూ తీసిన ఫొటోలు జనం పంపుతారు. వాటికి పేరు చెప్పడం ఆవిడ పని. తెల్లనివన్నీ పాలు కానట్టే, తెల్లనివన్నీ ఒకటే కొంగా కాదు. పెద్ద కొంగా, నడిమి కొంగా ఫొటోలో కవలల్లా ఉంటాయి. అప్పుడు ముక్కు మొదట్నించి కంటివైపు పోయే నోటి గీత చూడాలి. కన్ను దాటి వెనక్కి పోతే పెద్ద కొంగ, కంటి కిందే ఆగితే నడిమి కొంగ. ఇదంతా ఆవిడ ప్రతి ఫొటో కిందా పరీక్ష పేపరు దిద్దినంత శ్రద్ధగా పది లైన్లు రాస్తుంది. కింద బొటనవేళ్ళు లేస్తాయి. "సూపర్ మేడమ్" అంటారు. అంతే.

ఆదివారం తప్పిస్తే ఆవిడతో మాట్లాడే మనిషి లేడు. పోనీ, రాసినదైనా ఎవరైనా చదువుతున్నారా? ఈ అనుమానం పురుగులా తొలిచేసింది. మొన్న జనవరిలో, ముప్ఫై నాలుగేళ్ళు ఊళ్ళో పిల్లల తప్పులు దిద్దిన మనిషి తెలిసి తెలిసీ ఒక తప్పు రాసింది. గీత కంటి కిందే ఆగిన కొంగని పెద్ద కొంగంది. ఎవరో ఒకరు పట్టుకుంటారు, "అదేంటండీ మేడమ్" అంటారు, నాలుగు మాటలు నడుస్తాయి. ఫోను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

బొటనవేళ్ళు లేచాయి.

మర్నాడు తెగించింది. బొగ్గులా నల్లగా, గట్టుమీద రెక్కలారబెట్టుకుంటున్న నీటికాకి ఫొటో కింద "తెల్ల కొంగ" అని రాసింది. చంటిపిల్లైనా నవ్వాల్సిన మాట. అందరికంటే ముందు విజయ్ పాలే చేతులు జోడించిన బొమ్మ పెట్టాడు. "సూపర్ మేడమ్, మీకు తెలియని పక్షి లేదండీ."

ఆవిడకి కోపం రాలేదు, ఏడుపొచ్చింది. పొయ్యి మీద కూర మాడుతున్నా లేవలేదు. కానీ తప్పుని తప్పుగా వదిలేసి నిద్రపోయే మనిషి కాదాయె. కళ్ళు తుడుచుకుని, తను రాసినదాని కిందే రాసింది: "టీచరుగారూ, మరోలా అనుకోకండి. అది కొంగ కాదండీ, నీటికాకి. నల్లగా ఉంది, చూడండి."

కాసేపు చూసింది. ఎవరూ ఏమీ అనలేదు.

దాని కింద మళ్ళీ తనే రాసుకుంది: "అవునండీ, పొరపాటే. చూసి చెప్పినందుకు చాలా థాంక్సండీ."