మామ చేతిలో చెంబు

పందొమ్మిది వందల నలభైల్లో మేడ్చల్‌కు కొత్తగా కాపురానికొచ్చాను. ఉబ్బసంతో మంచం పట్టిన మా మామ కాలక్షేపానికని మా ఆయన పట్నం నుంచి గాజుతొట్టిలో రంగుచేపలు తెచ్చారు. ఎండలకు నీళ్లు వేడెక్కితే చేపలు పైకి తేలి నోళ్లు తెరిచేవి. చెంబుతో ఆ నీళ్లే ముంచి, గాలి కలిసేలా ఎత్తు నుంచి మళ్లీ మళ్లీ పోస్తేనే తేరుకునేవి.

ఒక మధ్యాహ్నం పోసి పోసి చేతులు పడిపోయి, గోడకు చేరగిలబడి నిద్రపోయాను. నీళ్ల చప్పుడుకు మెలకువ వచ్చింది. మామ రొప్పుతూ చెంబుతో నీళ్లు పోస్తున్నారు. గబుక్కున లేచాను.

"మామా, మీరెందుకు లేసిండ్రు? నన్ను లేపొద్దా?"

"మస్తు అలిసినవ్ బిడ్డా, పండుకో. దమ్ము ఆడకుంటే ఎట్లుంటదో నాకెరుక."

ఆయనను పడుకోబెట్టి చెంబు అందుకున్నాను. పొద్దుగూకేసరికి నీళ్లు చల్లబడి చేపలు కిందికి దిగాయి. ఆయన ఆయాసమూ తగ్గింది.

పుట్టింట్లో గానీ అత్తింట్లో గానీ, అలిసిపోయానని నన్ను నిద్రపోనిచ్చింది ఆయనొక్కరే.