ఎవరి బెత్తెడు?

నిప్పు రాజేయడం, చక్రం దొర్లించడం అయ్యాక మానవజాతి సాధించిన మూడో ఘనకార్యం, కత్తులకు పిడులు బిగించే పిడిమామ బెత్తెడు పట్టడం. కుడిచేతి నాలుగు వేళ్లూ దగ్గరగా చేర్చి చెక్క మీద ఆనిస్తే బెత్తెడు. దానికి బొటనవేలి మందం కలిపితే పిడి పొడవు. వంటకత్తికైనా, నాటకాలవాళ్ల పొట్టి ఖడ్గానికైనా ఇదే శాసనం. "పిడి పొట్టిదైతే అరచేతిలో గుచ్చుకుంటుంది, పొడుగైతే మణికట్టును పొడుస్తుంది" అని దుకాణంలో అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ ఉపదేశించేవాడు.

శాసనానికి గండి ఇంట్లోనే పడింది. ఆయన భార్య, ఊరందరికీ అత్త, ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో కూరలు తరుగుతుంది. ఆ మధ్య మామ ఆప్యాయంగా ఆమె కత్తికి కొత్త పిడి బిగించి ఇచ్చాడు. అప్పటినుంచీ మణికట్టు వాచిపోయింది, తరగడంలో చెయ్యి వెనకబడింది. రేపు కూడా ఇలాగే అయితే తరుగుడు బల్ల వదిలేసి అంట్ల దగ్గరికి వెళ్లమన్నాడు వంటమేస్త్రీ.

సాయంత్రం అత్త కత్తిని ఆయన ముందు పెట్టింది. "ఇదిగో, మీ ఆప్యాయత. కాటేస్తోంది."

"నా పిడికి వంకా? బెత్తెడూ బొటనవేలూ! వెంట్రుకవాసి తేడా ఉండదే!"

"ఎవరి బెత్తెడు?"

మామ తన కుడిచేతి నాలుగు వేళ్లూ చూసుకున్నాడు.

"నాటకంలో ఆ రాజు వేషగాడు ఖడ్గం పిడి కుదరలేదని అలిగితే కూర్చోబెట్టి మరీ చెయ్యి కొలిచారు. ఆయన నరికేది అట్టముక్కల సైన్యాన్ని. నేను నరికేది నిజం క్యాబేజీని. పెళ్లినాడు పట్టుకున్న చెయ్యే కదండీ, ఒక్కసారి కొలిస్తే అరిగిపోతుందా?"

మామ తన చేతి పక్కన ఆమె చెయ్యి పెట్టి చూశాడు. ఆమె నాలుగు వేళ్లు ఆయన మూడు వేళ్లకు సరిపోయాయి.

"ఇంత చిన్నదా నీ చెయ్యి?"

"ఈ చిన్నదాంతోనే ఇల్లు లాక్కొస్తున్నా. కానివ్వండి, పొయ్యి మీద అన్నం ఉంది."

పిడి చివర రంపంతో కోశాడు. ఆకురాయితో గుండ్రంగా అరగదీశాడు. పట్టుకోమన్నాడు, మళ్లీ అరగదీశాడు, మళ్లీ పట్టుకోమన్నాడు. ఆమె చిటికెనవేలు పిడి అంచుకు కాస్త లోపల కుదురుకుని, మణికట్టుకు ఏదీ తగలకుండా పోయాక గానీ వదల్లేదు.

మర్నాడు దుకాణంలో ఆయన చెయ్యి పని చేసింది, మనసు క్యాంటీన్ గుమ్మంలో కూర్చుంది. చీకటిపడే వేళకు అత్త చెయ్యి ఊపుకుంటూ వచ్చింది.

"బల్ల నాదే. మేస్త్రీ కిక్కురుమనలేదు. నొప్పా? అసలు లేదు!"

మామ గొంతు సవరించుకుని లేచి నిలబడ్డాడు. "ఇకమీదట ఎవరి కత్తికి వాళ్ల బెత్తెడే కొలత. ఇది నా నిర్ణయం."

"మంచి నిర్ణయం. ముందిది చూడండి" అంటూ ఆమె కత్తి ఆయన చేతిలో పెట్టింది.

రోజంతా తరిగి తరిగి దానికి పదును లేదు.