ముహూర్తానికి ముందే మోగిన డోలు

పోయిన నెల రాజాంలో మా వీధివాళ్ల అమ్మాయి పెళ్లికి వెళ్లాను. మండపంలో సన్నాయి లేదు, డోలు లేదు. పురోహితుడు తల ఊపగానే ఒకాయన సెల్‌ఫోను మీద వేలు పెట్టాడు, స్పీకరు పెట్టెల్లోంచి గట్టిమేళం మోగింది. అందరూ అక్షింతలు వేశారు, నావి మాత్రం గుప్పిట్లోనే ఉండిపోయాయి. భోజనానికి కూడా ఆగకుండా ఇంటికి వచ్చేసి, ఏమైందని అడిగిన మా ఆవిడతో మోకాళ్ల నొప్పులన్నాను. ఆ శబ్దం వింటే నాకు ఏమవుతుందో ఇన్నేళ్ల కాపురంలో ఆమెకూ నేను చెప్పలేదు.

నాకు డోలు పట్టడం నేర్పింది మా మేనమామ. గుడిలో పొద్దుటి సేవా, చుట్టుపక్కల పెళ్లిళ్లూ ఆయన సన్నాయితోనే జరిగేవి. ఆయన తమ్ముడు, అంటే మా చినమామ, రెండో సన్నాయి. శ్రుతికొకరు, తాళానికొకరు, డోలుకు నేను. ఐదుగురమే మా మేళం. అలాంటిది ఎక్కడో ఇచ్ఛాపురం అవతలి ఊరి నుంచి పెళ్లికి పిలుపు వచ్చేసరికి మామ మొహంలో కనబడిన వెలుగు నేను మళ్లీ చూడలేదు. నాకప్పటికి పెళ్లయి ఏడాది తిరగలేదు, మా ఆవిడ నిండు నెలల్లో ఉంది.

ముందురోజు తెల్లవారుతూనే బయల్దేరాం. రాజాంలో ఒక బస్సు, శ్రీకాకుళంలో ఇంకొకటి, పలాసలో మరొకటి. డోలును బస్సు పైన వేయమని కండక్టరు అంటే, ఎండకు తోలు బిగిసిపోతుందని మామ ఆయన్ని బతిమాలి, తన సీట్లో డోలును కూర్చోబెట్టి, పొందూరు ఖద్దరు సంచిలో చుట్టిన సన్నాయిని గుండెకు ఆనించుకుని పలాస దాకా నిలబడే వచ్చాడు. నిలబడ్డవాడు నిలబడ్డట్టే, మర్నాడు ఏ రాగం తర్వాత ఏది వాయించాలో మాకు చెబుతూ వచ్చాడు.

ఆ సాయంత్రం ఎదురుకోలులో నా డోలు బాగా పలికింది. సగం ఒడియా కలిసిన తెలుగులో పెళ్లివారి కుర్రకారు నన్ను మెచ్చుకుంటుంటే నా కాళ్లు నేల మీద లేవు.

గట్టిమేళం ఎలా మోగేదో నా వయసువాళ్లకు చెప్పనక్కర్లేదు గానీ, మా మేళంలో పద్ధతి ఇది. పురోహితుడు చెయ్యి ఎత్తగానే మామ కనుబొమలు ఎగరేసేవాడు. అది చూశాకే నేను డోలు మీద దెబ్బ వేయాలి. అంటే ముహూర్తం దగ్గరపడిన దగ్గర్నుంచి నా కళ్లు మామ మొహం మీదే ఉండాలి. ఆ పొద్దున్న అవి అక్కడ లేవు. రాత్రి మెచ్చుకున్న కుర్రాళ్లు ఎదురుగా కూర్చుని తలలాడిస్తుంటే వాళ్ల కోసం వాయిస్తున్నాను. పురోహితుడు తెర పట్టుకున్నవాళ్లను కాస్త పైకెత్తమని చెయ్యి ఊపాడు. ఆ చెయ్యి ఓరకంట కనబడింది, కొట్టేశాను.

డోలు మోగితే ఇంకెవరాగుతారు? అక్షింతలు కురిశాయి. తెర వెనక కంగారుపడిన పెళ్లికూతురు జీలకర్ర బెల్లం పెళ్లికొడుకు నెత్తిన పెట్టేసింది. ముహూర్తానికి ఇంకా పది నిమిషాలుంది. పురోహితుడు మంత్రం ఆపేశాడు, ఆడవాళ్లలో ఎవరో ఏడుపు అందుకున్నారు. పెళ్లికూతురి పెదనాన్న మా ముందుకొచ్చి, ఎవరి పని ఇది అని అడిగాడు.

నేను నోరు తెరిచేలోపే అంతా జరిగిపోయిందని అనను. నోరు తెరవడానికి కావలసినంత వ్యవధి ఉంది. మామ నా వంక ఒకసారి చూశాడు, నేను డోలు వంక చూశాను. అప్పుడాయన లేచి చేతులు జోడించాడు.

"తప్పు నాదే బాబూ. నానే తొందరపడి సైగ సేసినాను. ఆడు నన్ను సూసే కొట్టినాడు."

"కళ్లు ఆనకపోతే ఇంటికాడ కూకోవాల. శుభకార్యానికొచ్చి ఇదేటి పని?" అన్నాడా పెదనాన్న.

శాంతి మంత్రాలేవో చదివి, అసలు ముహూర్తానికి మళ్లీ జీలకర్ర బెల్లం పెట్టించారు. మామను మాత్రం వాయించవద్దన్నారు. చినమామ సైగ చేశాడు, నేను గట్టిమేళం కొట్టాను. సన్నాయి ఒళ్లో పెట్టుకుని మామ నా పక్కనే కూర్చుని ఉన్నాడు. బాగానే కొట్టాను, ఆ సంగతే ఇప్పటికీ నాకు మింగుడు పడదు.

తిరుగు ప్రయాణంలో ఆయన నా పక్క సీట్లోనే కూర్చున్నాడు. తిడితే బాగుండునని ఎదురుచూశాను. శ్రీకాకుళంలో టీ తాగేటప్పుడు, చేతులు నొప్పెడుతున్నాయా అని మాత్రం అడిగాడు.

మాట మాకన్నా ముందే ఊరు చేరినట్టుంది. ఆ తర్వాత పెళ్లిళ్లవాళ్లు చినమామనూ నన్నూ పిలిచేవారు, పెద్దాయన వద్దులే, కళ్లు ఆనవట కదా అనేవారు. నేను కాదనలేదు. కొన్నాళ్లకు మేళం నా పేరు మీదే నడిచింది. మామ గుడిసేవ ఒక్కటీ ఉంచుకున్నాడు. ఇంట్లో అత్తకు సూదిలో దారం ఎక్కించిపెట్టే మనిషి, వీధిలో ఎవరైనా కళ్లెలా ఉన్నాయని అడిగితే, అలాగే ఉన్నాయనేవాడు. నాకు కొడుకు పుట్టాడు, మేళం పెరిగింది, చెబుదామనుకున్న ప్రతిసారీ చెప్పకపోవడానికి ఏదో ఒక కారణం దొరికింది. అలా పన్నెండేళ్లు గడిచాక మామ పోయాడు.

పెద్దకర్మ అయ్యాక అత్త ముందు కూర్చుని, ఆ రోజు తప్పు నాదేనని చెప్పాను. ఆవిడ చాట పక్కన పెట్టలేదు, బియ్యంలో రాళ్లు ఏరుతూనే ఉంది.

"నాకు తెల్దేటిరా? ఆరోజే సెప్పినాడు. నీకు పిల్లో పిల్లడో పుట్టబోతన్నారు, నీకు సెడ్డపేరొస్తే ఎలాగన్నాడు." ఇంకో రాయి ఏరి పడేసి అంది, "నువ్వే వొచ్చి సెప్తావని సాన్నాళ్లు సూసినాడు. తర్వాత సూడ్డం మానేసినాడు."

ఇప్పుడు ఇచ్ఛాపురానికి నున్నటి నాలుగు వరసల రోడ్డు పడింది, కార్లో పొద్దున్న వెళ్లి మధ్యాహ్నానికి వచ్చేస్తున్నారు. ఆ రోజు మాకు ఇంటికి రావడానికి పగలంతా పట్టింది. మూడు బస్సుల్లోనూ నా భుజం ఆయన భుజానికి తగులుతూనే ఉంది. ఒక్క మాట చెప్పడానికి అంత దారి ఎవరికీ దొరకదు, నాకు దొరికింది. నేను కిటికీలోంచి జీడితోటలు చూస్తూ వచ్చాను.